మూడు మైళ్లకు కాస్త తక్కువ

సెప్టెంబరు మొదటి సోమవారం పొద్దున ఏడూ నలభైకి, బ్రిన్‌హెలిగ్ బస్టాపులో, పద్దెనిమిది మంది పిల్లలను బస్సు ఎక్కనివ్వలేదు.

బస్సు రాక మానలేదు. ఎప్పటిలాగే పై ఊరు పెన్‌క్రెయిగ్ పిల్లలను ఎక్కించుకుని, కొండ మలుపు తిరిగి, కార్మికుల హాలు ముందు ఆగింది. తలుపు తెరుచుకుంది. డ్రైవరు ఎమ్రిస్ తల తిప్పి చూడలేదు. అతని పక్కన మెట్టు మీద, మెడలో కౌన్సిల్ బిళ్ల వేలాడేసుకున్న ఒక నడివయసు మనిషి జాబితా పట్టుకుని నిలబడ్డాడు. ఎక్కబోయిన ప్రతి పిల్లనూ పేరు అడిగాడు. వేలితో కాగితం మీద వెతికాడు. లేదన్నాడు. దిగమన్నాడు. ఎవరినీ కసరలేదు. వాన పడుతోంది, పిల్లలు తడుస్తున్నారు, అతను మాత్రం బ్యాంకు గుమాస్తా అంత మర్యాదగా ఒక్కొక్కరినీ వెనక్కి పంపాడు.

మెనా ప్రాసర్ ఎదుటి కాలిబాట మీద నిలబడి ఇదంతా చూసింది. ఆమె వృద్ధాశ్రమంలో వంటమనిషి. పనికి పోతూ, కూతురు పెద్దబడికి వెళ్లే మొదటి రోజు కదా, బస్సెక్కేదాకా చూసి పోదామని ఆగింది. కూతురు లౌరికి పదకొండేళ్లు. కొత్త కోటు, కొత్త సంచి. మెట్టు మీద ఒక కాలు పెట్టి, మళ్లీ కిందికి దించింది. ఏడవలేదు. తను ఏదో తప్పు చేసినట్టు చుట్టూ చూసింది.

తలుపు మూసుకుంది. బస్సు కదిలింది. కిటికీల వెంట మెనా కళ్లు పరుగెత్తాయి. సగానికి పైగా సీట్లు ఖాళీ.

ఆగస్టు ఆఖర్లోనే ఊళ్లో అందరికీ ఉత్తరాలు వచ్చాయి. మీ ఇంటి నుంచి అబెర్‌గ్లో హైస్కూలుకు నడక దూరం 2.94 మైళ్లు, మూడు మైళ్లు గానీ అంతకు మించి గానీ ఉన్న పిల్లలకే కౌన్సిల్ ఖర్చుతో బస్సు, కనుక మీ పిల్లలకు అర్హత లేదు అని. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఎక్కడో పొరపాటు పడి ఉంటారు, ఫోన్ చేస్తే సరిదిద్దుతారు అనుకున్నారు. ఫోన్ చేసినవాళ్లకు సంగీతం వినిపించింది, ఆ తర్వాత లైను తెగింది. మెనా చదువుకున్నది ఆ బడిలోనే. వెళ్లింది ఆ బస్సులోనే. ఆమె తల్లి కాలంలోనూ ఊరికీ బడికీ మధ్య మూడు మైళ్లకు పైమాటే. ఊరు కదల్లేదు, బడి కదల్లేదు. మరి దారి ఎలా కురచయింది? ఆ ప్రశ్న ఆ రోజు వంటింట్లో బంగాళాదుంపలు తరుగుతున్నంతసేపూ ఆమెను వదల్లేదు.

బుధవారం తొమ్మిది మంది కలిసి కౌన్సిల్ ఆఫీసుకు వెళ్లారు. రవాణా విభాగం అధికారి కెండ్రిక్ వాళ్లను బల్ల చుట్టూ కూర్చోబెట్టాడు, టీ తెప్పించాడు. మెత్తటి గొంతు. మీ ఆవేదన నాకు అర్థమవుతోంది అన్నాడు, రెండుసార్లు. దూరం ఎవరు కొలిచారని మెనా అడిగింది. కంప్యూటరు కొలిచిందన్నాడు. ఏ దారిన కొలిచిందని అడిగింది. నడవదగ్గ అతి దగ్గరి దారిన అన్నాడు. మ్యాపు చూపించమంటే, అది అంతర్గత పత్రం, కావాలంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఇరవై పనిదినాల్లో జవాబు వస్తుందన్నాడు.

"ఆ దారిలో మీరెప్పుడన్నా నడిచారా?" అంది మెనా.

కెండ్రిక్ నవ్వాడు. "నేను నడిచానా లేదా అన్నది కాదమ్మా. అవసరమైతే పెద్దవాళ్ల తోడుతో పిల్ల నడవగలిగిన దారి అయితే చాలు, అది నడవదగ్గ దారే. నిబంధనలో ఉన్న మాటే చెబుతున్నా."

"లారీలు తిరిగే రోడ్డయినా?"

"పెద్దవాళ్ల తోడు ఉంటే."

మెనా ఆ మాటను కౌన్సిల్ వాళ్లిచ్చిన కరపత్రం వెనకే రాసుకుంది. లేచేముందు కెండ్రిక్ అందరి పేర్లూ చిరునామాలూ అడిగాడు. ఎందుకని రాతిక్వారీలో లారీ నడిపే డెర్విన్ నిలదీశాడు. జవాబు పంపడానికేనన్నాడు కెండ్రిక్. డెర్విన్ గొంతు ఎంత పెద్దదంటే బయట బల్లల దగ్గరి గుమాస్తాలు తలలెత్తి చూశారు. పేర్లు మాత్రం అందరూ రాసిచ్చారు. బస్సులో తిరిగి వస్తూ మెనా అదే ఆలోచించింది. వెళ్లింది వాళ్ల కాగితం చూడ్డానికి. తీరా చూస్తే తమ కాగితమే వాళ్ల చేతిలో పెట్టి వచ్చారు.

కార్లున్నవాళ్లు పిల్లలను కార్లలో దింపారు. లేనివాళ్ల పిల్లలు నడిచారు. నడక అంటే వాగు పక్కన ఒకప్పుడు బొగ్గు తొట్లు నడిచిన పాత ట్రాము బాట, అక్కడి నుంచి క్వారీ రోడ్డు. ఆ రోడ్డుకు కాలిబాట లేదు. ఒక పక్క రాతిగోడ, ఇంకో పక్క మురుగుకాలువ. మెనా షిఫ్టు ఎనిమిదింటికే మొదలు, కూతురి వెంట వెళ్లే వీలు లేదు. రెండో వారంలో ఒక సాయంత్రం లౌరి మోకాళ్లదాకా బురదతో వచ్చింది. లారీ గాలికి సంచి కాలువలో పడింది, తీయడానికి దిగాను అని చెప్పింది. బళ్లో ఆలస్యానికి మూడు గుర్తులు పడ్డాయట. నాలుగోది పడితే సాయంత్రం బడి వదిలాక కూర్చోబెట్టేస్తారట. అదంతా చాలా మామూలుగా చెప్పింది. పిల్ల అలవాటు పడిపోతోందని మెనాకు భయం వేసింది.

మరుసటి గురువారం మెనాకు ఇంకో ఉత్తరం వచ్చింది.

మీ కుటుంబపు ప్రత్యేక పరిస్థితుల దృష్ట్యా మీ కుమార్తెకు వచ్చే సోమవారం నుంచి బస్సులో సీటు మంజూరు చేస్తున్నాం అని ఉంది. ఇది మీ ఒక్కరికి సంబంధించిన నిర్ణయమనీ, ఇతరులతో చర్చించకుండా ఉంటే మంచిదనీ కింద ఉంది. కెండ్రిక్ సంతకం.

మెనా రెండుసార్లు చదివింది. ప్రత్యేక పరిస్థితులు ఏమిటి? తను ఏ పరిస్థితీ రాయలేదు. మొగుడు వదిలిపోయాడని రాయలేదు. కారు లేదని రాయలేదు. ఆమె చేసిందల్లా ఆఫీసుకు వెళ్లి ప్రశ్నలు అడగడం. అది తెలుస్తూనే ఉంది. తెలిసి కూడా ఆమె ఉత్తరం చింపలేదు. తుడుపుగుడ్డల సొరుగులో అడుగున పెట్టింది. సోమవారం నుంచి పిల్ల తడవదు అన్న ఆలోచన ఒకటి ఆమె వెంట ఇల్లంతా తిరిగింది. పెట్టి మూసిన సొరుగును ఆ వారాంతంలో నాలుగుసార్లు తెరిచింది. లౌరికి చెప్పలేదు. సోమవారం లౌరి నడిచే వెళ్లింది. ఇంకెవరైనా ముందు ఎక్కితే చూద్దామనుకుంది మెనా. ఆ సంగతి తర్వాత తనే అందరి ముందూ చెప్పుకుంది.

ఎక్కింది జుమానా.

జుమానా తల్లి రగద్, సిరియా నుంచి వచ్చి బ్రిన్‌హెలిగ్‌లో ఆరేళ్లుగా ఉంటోంది. మెనా పనిచేసే వృద్ధాశ్రమంలోనే బట్టల గదిలో పని. సోమవారం జుమానా బస్సెక్కడం స్టాపు మీదుగా నడిచి పోతున్న పిల్లలంతా చూశారు. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. అంగట్లో రగద్ అడుగుపెడితే మాటలు ఆగిపోయాయి. వాళ్ల కోసం ఎప్పుడూ ఒక తలుపు తెరిచే ఉంటుందిలే అన్నారొకరు, ఆమె బయటికి పోయిందో లేదో కూడా చూసుకోకుండా. కౌన్సిల్‌కు మన మాటలు మోస్తున్నది ఎవరో ఇప్పుడు తెలిసిందన్నారు ఇంకొకరు. ఏ మాటలు, ఎప్పుడు మోసింది అని అడిగినవాళ్లు లేరు.

మంగళవారం మధ్యాహ్నం రగద్ దుప్పట్ల బండి తోసుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. చేతిలో ఉత్తరం. మొదటి వారంలోనే తను కౌన్సిల్‌కు నాలుగు పేజీల లేఖ రాశానని, జవాబుగా ఇది వచ్చిందని చెప్పింది.

"అందరికీ వచ్చిందనుకున్నానక్కా. మీకు రాలేదా?"

మెనా చేతులు తుడుచుకుంది. పొయ్యి వైపు చూసింది. సాయంత్రం హాల్లో అందరి మీటింగు ఉంది కదా, అక్కడ మాట్లాడదాంలే అంది. రగద్ ఆమె మొహం చూసింది, బండి తిప్పుకుని వెళ్లిపోయింది. చక్రాల చప్పుడు వరండా చివరిదాకా వినిపించింది.

ఆరింటికి కార్మికుల హాలు నిండింది. అరవై మందికి పైగా వచ్చారు. పిల్లలున్నవాళ్లు, పిల్లలు పెద్దవాళ్లైపోయినవాళ్లు, అసలు పిల్లలు లేనివాళ్లు. ముందు వరసలో టిడిర్ పారీ కూర్చున్నాడు. ఎనభై ఏళ్ల మనిషి. గని మూతపడేదాకా భూమి లోపల సొరంగాలు కొలిచే పని చేశాడు. ఇప్పుడు చెవులు సరిగా వినిపించవు.

మీటింగు మొదలవ్వగానే డెర్విన్ లేచాడు. కౌన్సిల్ సంగతి తర్వాత, ముందు మనలో మన సంగతి తేలాలన్నాడు. వెనక వరసలో కూర్చున్న రగద్ వైపు వేలు చూపించాడు.

"ఆవిడ పిల్ల ఎక్కుతుంది. మన పిల్లలు నడుస్తారు. ఏం చెప్పి తెచ్చుకుందో, ఎవరి పేరు అమ్మి తెచ్చుకుందో అడగండి. నేనడిగితే తప్పంటారు."

హాల్లో గుసగుసలు లేచాయి. అవునన్నారు కొందరు. ఛీ, అదేం మాట అన్నారు కొందరు, అయితే పైకి వినపడేలా అనలేదు. రగద్ నిలబడింది. ఉత్తరం పైకెత్తింది.

"అడిగా, ఇచ్చారు. అడగడం తప్పా? ఇదుగో కాగితం. చదువుకోండి. నేను దాచలేదు. దాచినవాళ్లు ఈ గదిలో ఇంకా ఉన్నారేమో, నాకు తెలీదు."

ఆమె మెనా వైపు చూడలేదు. అలా చూడకపోవడమే మెనాను కుర్చీలోంచి లేపింది. కోటు జేబులోంచి ఉత్తరం తీసింది. పనినుంచి ఇంటికి వెళ్లి సొరుగులోంచి ఎందుకు తెచ్చుకుందో అప్పటిదాకా ఆమెకే తెలియదు. ముందుకు నడిచి, బల్ల మీద పెట్టి, అరచేత్తో సాపు చేసింది.

"నాకూ వచ్చింది. గురువారమే వచ్చింది. ఐదు రోజులు దాచుకున్నా. మధ్యాహ్నం ఈ మనిషి నా ముందుకొచ్చి అడిగితే నోరు మూసుకున్నా. తిట్టాలనుకుంటే నన్ను తిట్టండి. కానీ ముందు ఒకటి చెప్పండి, ఇంకెవరి దగ్గరుంది?"

హీటరు టిక్కుటిక్కుమంటోంది. టిడిర్ పక్కనున్నావిడను ఏం జరుగుతోందని గట్టిగా అడిగాడు. అప్పుడు కిటికీ పక్కన కూర్చున్న ఒకామె లేచి వచ్చి ఒక కవరు పెట్టింది. మొదటి వారంలో బస్సు సంగతి మీద పేపరుకు ఉత్తరం రాసింది ఆమే. తర్వాత ఇద్దరన్నదమ్ములు, ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్నవాళ్లు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ రెండు కవర్లు పెట్టారు. ఐదయ్యాయి. అందరూ అయిపోయాయనుకున్నారు.

డెర్విన్ ఇంకా నిలబడే ఉన్నాడు. చొక్కా గుండీ తీసి లోపలి జేబులోంచి మడత పెట్టిన ఉత్తరం తీశాడు. నడిచి రావడానికి అతనికి చాలాసేపు పట్టింది. బల్ల మీద పెట్టి, రగద్ వైపు తిరిగాడు.

"నా మాట వెనక్కి తీసుకుంటున్నానమ్మా" అన్నాడు. ఆ పెద్ద గొంతులోంచి అంత చిన్న మాట రావడం ఊరివాళ్లు అంతకు ముందు వినలేదు.

ఆరు ఉత్తరాలు పక్కపక్కన పెట్టి చూశారు. ఆరింటిలోనూ ఒకే వాక్యాలు. ప్రత్యేక పరిస్థితులు ఆరిళ్లలోనూ ఒకటే. ఈ ఆరుగురికే ఎందుకు అని మెనా అడిగింది, తనలో తను అనుకుంటున్నట్టు. జవాబు ఒక్కరు చెప్పలేదు, నలుగురైదుగురు ఒకేసారి చెప్పారు. ఆఫీసులో అరిచినవాడు, ప్రశ్న వేసినామె, పేపరుకు రాసినామె, కౌన్సిల్‌కు నాలుగు పేజీల లేఖ రాసినామె, కౌన్సిల్ సభ్యుడి ఇంటి తలుపు కొట్టిన అన్నదమ్ములు. నోరున్న ఆరిళ్లకు ఆరు సీట్లు. మిగిలిన పన్నెండు మంది పిల్లలు తమ కోసం మాట్లాడేవాళ్లు లేక నడవాలి. బస్సులో ఖాళీలు ఉండనే ఉన్నాయి, ఆ సీట్లు ఇచ్చినందువల్ల వాళ్లకు పోయేదీ లేదు.

అప్పుడే ఒక తీర్మానం చేశారు. మొత్తం పద్దెనిమిది మందీ ఎక్కాలి, లేదా ఒక్కరూ ఎక్కకూడదు. కౌన్సిల్ నుంచి ఎవరికి ఏ కాగితం వచ్చినా, కవరు చింపడం ఈ హాల్లోనే. చేతులెత్తినప్పుడు అందరి చేతులూ లేచాయి. రగద్ చెయ్యి కాస్త ఆలస్యంగా లేచింది. ఆమె ఒక్కొక్క మొహమూ చూసుకుని గానీ ఎత్తలేదు. అందుకు ఆమెను ఎవరూ తప్పు పట్టలేకపోయారు.

శనివారం దారి కొలిచారు. టిడిర్ దగ్గర పాత కొలచక్రం ఉంది. తిప్పుకుంటూ నడిస్తే ప్రతి గజానికి టక్కుమంటుంది. ఈ వయసులో నువ్వెందుకు, ఇంకెవరికైనా ఇవ్వమంటే అతను వినలేదు.

"గనిలో కొలత తప్పితే మనుషులు చచ్చేవాళ్లు. అక్కడ కంప్యూటరు కొలిచిందంటే నా మెడకాయ కోసేవాళ్లు. పట్టుకో నా కర్ర."

నలభై మంది వెంట నడిచారు. మెనా లెక్క రాసింది, రగద్ ఫోటోలు తీసింది. ట్రాము బాటలో రెండుచోట్ల నీళ్లు నిలిచి ఉన్నాయి. క్వారీ రోడ్డులో ఆరువందల గజాలు కాలిబాట లేదు. రోడ్డు దిగి బడి వెనక గేటు దాకా వెళ్లి, గజాలను మైళ్లలోకి మారిస్తే 2.94 వచ్చింది. కౌన్సిల్ లెక్క తప్పు కాదు. తప్పంతా గేటులో ఉంది. ఇనుపకమ్మీలు అడ్డంగా పెట్టి వెల్డింగు చేసి ఉంది. తుప్పు చూస్తే ఐదారేళ్ల నాటి పని. పిల్లలు లోపలికి పోవాలంటే కంచె చుట్టూ తిరిగి ముందు గేటుకు వెళ్లాలి. టిడిర్ చక్రం ఆపకుండా అక్కడిదాకా తిప్పాడు. 3.21.

మెనా గేటు కమ్మీ పట్టుకుని ఊపింది. చెక్కు చెదరలేదు. ఈ గేటు మూసి ఉందని కెండ్రిక్‌కు తెలియదా? తెలియకుండా కొలిచి ఉంటే అది నిర్లక్ష్యం. తెలిసి కొలిచి ఉంటే దానికి ఇంకో పేరుంది. ఎవరో ఆ పేరు బిగ్గరగానే అన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు అంచున టిడిర్ ఇంకోటి చూశాడు. కొలత వేసేవాళ్లు పెట్టే పసుపు రంగు గుర్తు. ఇంకాస్త ముందుకు పోతే మరొకటి. అవి బ్రిన్‌హెలిగ్ వైపు తిరగలేదు. రోడ్డు వదిలి, అడ్డదారిన పెన్‌క్రెయిగ్ వైపు కొండెక్కి పోతున్నాయి, అలా కొలిస్తే పై ఊరూ మూడు మైళ్ల లోపే తేలేలా ఉంది. ముసలాయన వంగి ఒక గుర్తును గోటితో గీకి చూసి, ఈ నెలలోనే వేసిందన్నాడు. ఆ రోజే ఇద్దరు పై ఊరికి వెళ్లి ఆ సంగతి చెప్పి వచ్చారు. పెన్‌క్రెయిగ్ వాళ్లు విన్నారు. మా పిల్లలకు బస్సుంది కదా, చూద్దాంలే అన్నారు.

కొలతలు, ఫోటోలు కౌన్సిల్‌కు పంపారు. మూడు రోజుల్లో జవాబు వచ్చింది. హాల్లో అందరి ముందే తెరిచారు. గేటు సంగతి బడి యాజమాన్యం చూసుకోవలసిందనీ, దానికీ దారి దూరానికీ సంబంధం లేదనీ, పెద్దవాళ్ల తోడుతో ఆ దారి నడవదగ్గదేననీ, అర్హతలో మార్పు లేదనీ ఉంది.

కోర్టుకు పోదామన్నారొకరు. ఏడాది పడుతుంది, అప్పటికి పిల్లలు ఈత నేర్చుకుంటారన్నాడు డెర్విన్. మెనా కరపత్రం వెనక రాసుకున్న వాక్యం తీసి మళ్లీ చదివింది, ఈసారి పైకి. పెద్దవాళ్ల తోడుతో.

"ఎంతమంది పెద్దవాళ్లని ఎక్కడా రాయలేదు" అంది.

హాల్లో మొదట ఒక మూల నవ్వు పుట్టింది. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. అందరూ ఒకే దాన్ని కళ్ల ముందు చూస్తున్నారు. నిబంధన తోడు వెళ్లమంటోంది. వెళదాం. అందరమూ వెళదాం. కాలిబాట లేనిచోట ఎక్కడ నడవాలో నిబంధన చెప్పలేదు. రోడ్డు మీద నడుద్దాం. మెనా మర్నాడే వృద్ధాశ్రమంలో సోమవారానికి సెలవు అడిగింది. ఇవ్వనన్నారు. రానని చెప్పి వచ్చేసింది.

సోమవారం ఏడింబావుకే బస్టాపు దగ్గర నూట ముప్ఫై మంది పోగయ్యారు. బస్సు వచ్చింది, ఆగింది, తలుపు తెరుచుకుంది. జాబితాలో పేరున్న ఆరుగురు పిల్లలు కూడా ఎక్కలేదు. జుమానా లౌరి చెయ్యి పట్టుకుని గుంపు మధ్యలో నిలబడింది. ఎమ్రిస్ స్టీరింగు మీద చేతులు పెట్టి చాలాసేపు వాళ్లను చూశాడు. తర్వాత తల ఊపి, తలుపు మూసి వెళ్లిపోయాడు.

నడక మొదలైంది. పిల్లలు మధ్యలో, పెద్దవాళ్లు చుట్టూ. ట్రాము బాటలో నీళ్లున్నచోట చేతులు పట్టుకుని దాటించారు. ఎనిమిదింటికి క్వారీ రోడ్డు ఎక్కారు. ఈ గోడ నుంచి ఆ కాలువ దాకా రోడ్డంతా మనుషులే. కొలత రోజు నడకతో కాళ్లు పట్టేసిన టిడిర్‌ను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి ముందు తోశారు. అతనే అడిగాడు, ముందుంటానని. నినాదాలు లేవు. పిల్లల అడుగు ఎంతో అంతే వేగం. పదకొండేళ్ల పిల్ల అడుగు ఎంతుంటుందో ఆ రోజు ఆ రోడ్డంతటికీ తెలిసింది.

వెనక మొదటి లారీ ఆగింది. నడిపేది డెర్విన్. అతను హారన్ కొట్టలేదు. ఇంజను ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకుని, కిందికి దిగి గుంపులో కలిసిపోయాడు. అతని వెనక ఏడు లారీలు నిలిచిపోయాయి. వాటి వెనక కార్లు. ఎదురుగా అబెర్‌గ్లో నుంచి వచ్చే కార్లూ ఆగాయి. వాటిలో కౌన్సిల్ ఉద్యోగులూ ఉన్నారు. కొందరు కిటికీలు దించి తిట్టారు. ఒకామె మాత్రం కారు పక్కకు తీసి, దిగి, ఈ పిల్లలు రోజూ ఇలాగే వస్తారా అని అడిగింది. రోజూ వస్తారు, కానీ ఇంతమంది తోడు ఉండరు అని చెప్పింది రగద్.

బడికి నాలుగు వందల గజాల దూరంలో పోలీసులు వచ్చారు. రహదారికి అడ్డం తొలగమన్నారు. మెనా ముందుకెళ్లి కౌన్సిల్ జవాబు చూపించింది. ఇది నడవదగ్గ దారి అని వాళ్లే రాశారు, నడుస్తున్నాం అంది. సార్జెంటు కాగితం చదివాడు. అతనికి నవ్వొచ్చిందో, ఇబ్బంది కలిగిందో మొహంలో తెలియలేదు. రోడ్డు అంచున ఒక్కొక్కరుగా వెళ్లమన్నాడు.

"అంచు ఎక్కడుందో చూపించండి" అంది మెనా. "చూపిస్తే అక్కడే నడుస్తాం."

గోడకూ కాలువకూ మధ్య అంచు లేదు. సార్జెంటు రెండువైపులా చూశాడు. రేడియోలో ఎవరితోనో మాట్లాడాడు. అవతలి గొంతు అతని కన్నా కరకుగా ఉంది. తిరిగి వచ్చి, మీరు ముందుండి నడిపిస్తున్నారు గనుక మిమ్మల్ని అరెస్టు చేస్తున్నామన్నాడు. లౌరి చూస్తుండగానే తల్లిని బండి ఎక్కించారు. మెనాకు కూతురి మొహం కనిపించకుండా గుంపు అడ్డం వచ్చింది. ఆ ఒక్క క్షణం ఆమెకు నిజంగా భయం వేసింది, దీన్నంతా మొదలుపెట్టి ఉండకూడదేమో అనిపించింది. బండి తలుపు మూస్తుండగా రగద్ గొంతు వినిపించింది.

"లౌరి నా దగ్గరుంది. మేం ఆగం."

వాళ్లు ఆగలేదు. నూట ముప్ఫై మందినీ ఎక్కించడానికి పోలీసుల దగ్గర బండ్లు లేవు. తొమ్మిదింటికి పద్దెనిమిది మంది పిల్లలూ బడి ముందు గేటులోంచి లోపలికి వెళ్లారు.

మెనాను మధ్యాహ్నం దాకా గదిలో కూర్చోబెట్టారు. మూడింటికి వదిలారు. కేసు విచారణకు వచ్చేదాకా బడి రోజుల్లో పొద్దున ఏడు నుంచి తొమ్మిది మధ్య ఆమె క్వారీ రోడ్డు మీద కాలు పెట్టకూడదని షరతు. పెడితే మళ్లీ అరెస్టు. బయటికి వచ్చేసరికి ఫోనులో కెండ్రిక్ పంపిన సందేశం ఉంది. పరిస్థితిని శాంతపరిచే ఉద్దేశంతో, సమీక్ష ముగిసేదాకా తాత్కాలికంగా, బ్రిన్‌హెలిగ్ పిల్లలందరికీ బస్సు ఇవ్వడానికి కౌన్సిల్ సిద్ధం. షరతు ఒకటే, నడక ఆపాలి. ఆమె దాన్ని మూడుసార్లు చదివింది. తాత్కాలికంగా. సమీక్ష ముగిసేదాకా. ఎవరి సమీక్ష? ఏ ఊరి సమీక్ష? ఇల్లు చేరకుండా నేరుగా హాలుకు వెళ్లింది.

డెర్విన్‌ను క్వారీ వాళ్లు పనిలోంచి పక్కన పెట్టారని అక్కడే తెలిసింది. అతను బాధను బయటపెట్టలేదు, కాఫీ కలుపుతున్నాడు. మెనా సందేశం బిగ్గరగా చదివింది. కొందరి మొహాలు వెలిగాయి, దాన్ని దాచుకోలేదు. పిల్లలు రేపట్నుంచి పొడిబట్టలతో పోతారు, తీసుకుందామన్నారు. మెనా వాళ్లను తప్పు పట్టలేదు. ఐదు రోజులు సొరుగు తెరిచి మూసిన మనిషి ఎవరిని తప్పు పడుతుంది?

టిడిర్‌కు వినిపించలేదు, ఇంకోసారి చదవమన్నాడు. చదివింది.

"నడక ఆపమంటున్నాడు కదా. అంటే నడక పనిచేస్తోందన్నమాట" అన్నాడు. "తాత్కాలికం అంటే మనం ఇళ్లకు పోయేదాకా. ఈలోగా పై ఊరి కొలత తేలుతుంది. అప్పుడు వాళ్లు పోట్లాడితే మనం బస్సులో కూర్చుని కిటికీలోంచి చూస్తాం. ఆ రోజు వాళ్ల పిల్లలు మన పిల్లల్ని చూసినట్టే."

వాదన రెండు గంటలు నడిచింది. చివరికి ఓటు పెట్టారు. తాత్కాలికం అన్న మాట తీసేయాలి, గేటు లెక్క ఒప్పుకోవాలి, పెన్‌క్రెయిగ్ దారి కొలతలు బయటపెట్టాలి, డెర్విన్ మీద, మెనా మీద చర్యలు వెనక్కి తీసుకోవాలి. అంతవరకూ నడక ఆగదు. పదకొండు చేతులు వ్యతిరేకంగా లేచాయి. ఆ పదకొండు మందీ మర్నాడు నడుస్తామనే చెప్పారు.

మంగళవారం పొద్దున మెనా తన ఇంటి గుమ్మంలో నిలబడింది. వీధి చివరి మలుపు క్వారీ రోడ్డు వైపు పోతుంది, ఆ రోడ్డు ఎక్కడానికి ఆమెకు వీల్లేదు. మలుపు దగ్గర పోలీసు బండి ఉంది. రగద్ వచ్చి లౌరిని తీసుకెళ్లింది. గుంపు నిన్నటి కన్నా పలచగా కనిపించింది. కొందరు పనులకు పోక తప్పలేదు. మెనా మొహం తిప్పుకుంది. వాళ్లు వాకిటి ముందు నుంచి వెళుతుంటే తను ఇలా నిలబడి చూడడం ఆమెకు చేతకాలేదు.

అప్పుడు కొండ మీది నుంచి అడుగుల చప్పుడు వినిపించింది. చాలా అడుగులు. మలుపు తిరిగి పెన్‌క్రెయిగ్ జనం దిగి వస్తున్నారు. ముందు ఎమ్రిస్ ఉన్నాడు, మామూలు కోటులో, బస్సు లేకుండా. వాళ్లతో వాళ్ల పిల్లలు, అర్హత కాగితాలున్న పిల్లలు, సంచులు తగిలించుకుని నడుస్తున్నారు. పసుపు గుర్తులు మా బడిబాట దాకా వచ్చాయి, మేమూ చూసుకున్నాం అని ముందు వరసలోని ఒకామె మెనాకు చెప్పింది, ఆగకుండానే.

పోలీసు బండిలోంచి ఇద్దరు దిగారు. వస్తున్న జనాన్ని చూసి, ఒకరు రేడియో నోటి దగ్గర పెట్టుకున్నారు. ఎంతమందని అటునుంచి అడిగినట్టున్నారు. అతను లెక్కపెట్టడం మొదలుపెట్టాడు, మధ్యలో ఆపేశాడు.

ఆ పొద్దున క్వారీ రోడ్డు మీద నడిచినవాళ్లలో బస్సు పోయిన ఊరివాళ్ల కన్నా బస్సు ఉన్న ఊరివాళ్లే ఎక్కువ.